దొరకని క్లచ్చునకు మరల రూపకల్పన



ఇట్టి వేదికలపై కావ్యములను గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి విషయము నూనెయు మసియు అంటినది. తయారీ నిలిచిపోయిన ఒక పాత స్పోర్ట్సు కారునకు క్లచ్చు భాగములను మరల చేయుట యెట్లు, చేయదగునా, చేసినచో ఎవరికి ఏ హాని కలుగవచ్చును అనునవి ఇందలి ప్రశ్నలు. ఆఫీసు ఫైళ్ల నడుమ జీవితము గడపువారికి ఇది దూరపు సంగతి యని తోచవచ్చును గాని, వాట్‌గంజ్ పరిసరములలో నివసించువారికి అంత దూరమైనది కాదు.

వాట్‌గంజ్ అను పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ అను ఇంజనీరు పేరునుండి వచ్చినది. 1780 ఆగస్టులో వారన్ హేస్టింగ్సునకును ఫిలిప్ ఫ్రాన్సిసునకును కలకత్తాలో జరిగిన ద్వంద్వయుద్ధమున ఫ్రాన్సిసు పక్షమున సాక్షిగా నిలిచినవాడు ఈ వాట్సనే. ఆ కాలముననే అతడు ఖిదిర్‌పూరువద్ద హుగ్లీ యొడ్డున ఓడలు కట్టుటకు రేవు నేర్పరచెను. అందు అతనికి లాభముకంటె నష్టమే మెండుగా మిగిలెను. ఆ రేవు తరువాత కిడ్ కుటుంబమువారి చేతికి వచ్చినది. నేడు కనబడు ఖిదిర్‌పూరు డాకు 1892లో తెరువబడినది. ఓడలను ఎండగట్టి మరమ్మతు చేయు డ్రైడాకులు ఆ డాకునందు మూడును, నేతాజీ సుభాష్ డాకునందు రెండును కలవు. మరమ్మతుకై వచ్చిన ఓడ స్వదేశమునుండి భాగము వచ్చువరకు నెలలకొలది రేవున పడియుండజాలదు. రేవు సుంకము దినదినము పెరుగుచుండును. కావున విరిగిన ముక్కను చేతబట్టి, కొలిచి, అచ్చు పోసి, లేతుపై త్రిప్పి, మరల అమర్చుట ఓడరేవు పేటలన్నిటియందును పుట్టు విద్య. పడమరగా నున్న గార్డెన్ రీచిలో బెంగాలు నాగపూరు రైల్వే ప్రధాన కార్యాలయము వెలసి, 1955లో ఆగ్నేయ రైల్వేగా మారిన పిమ్మట, వాల్తేరు డివిజను 2003 వరకు దానికి చెందియుండుటచే, ఎందరో తెలుగువారు ఈ దారులలో నడచిరి. వారికి ఈ లేతుల చప్పుడు పరిచితమే.

ఇంగ్లండునుండి కలకత్తాకు మోటారుకార్లు ఓడలలోనే వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము ఆ రాక తగ్గినది. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుల ననుసరించి, ఈ దేశముననే క్రమముగా తయారుచేయుటకు సిద్ధపడని కంపెనీలు భాగములను తెచ్చి బిగించి అమ్ముటకు వీలులేకపోయినది. జనరల్ మోటార్సు, ఫోర్డు సంస్థలు అప్పుడు మూటముల్లె కట్టుకొనిపోయినవి. అంతకు పూర్వము వచ్చిన కార్లు మాత్రము ఎక్కడి కేగగలవు? యజమానులు మారిరి, రంగులు మారినవి, కార్లు నిలిచినవి. విదేశీ భాగముల దిగుమతికి లైసెన్సు దుర్లభమైన ఆ దశాబ్దములలో మల్లిక్ బజారు పాత సామానుల దుకాణములును, హవుడా బెలిలియస్ రోడ్డు చిన్న కార్ఖానాలును లేకున్నచో, 1968 నుండి కలకత్తాలో స్టేట్స్‌మన్ పత్రికవారు జరుపుచు వచ్చిన పాతకార్ల ప్రదర్శనకు కదలగల కార్లు కొన్నియైనను మిగిలెడివా యనునది సందేహమే.

ఉదాహరణమునకు ఒక కారును తీసికొనవలెను గదా. ఎం.జి. కంపెనీవారి 'టి' తరగతి కార్లు ఇందుకు తగినవి. ఎం.జి. యనగా మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డునందలి విలియం మోరిస్ దుకాణపు పేరది. 1945 నుండి 1949 వరకు వచ్చిన టి.సి. నమూనా పదివేలు, దాని వెనుక 1953 వరకు వచ్చిన టి.డి. నమూనా ఇంచుమించు ముప్పదివేలు తయారైనవి. రెండింటికిని ఇంజను ఒక్కటే: నాలుగు సిలిండర్లు, 1250 ఘన సెంటీమీటర్లు, 54 అశ్వశక్తి. ఈ ఇంజనునకు ఒక చుట్టరికము కలదు. అది మోరిస్ టెన్ అను సాధారణ కుటుంబపు కారు ఇంజనునుండి పుట్టినది. ఆ మోరిస్ టెన్ నమూనాయే ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారి తొలి కారైన హిందుస్థాన్ 10 కు మూలము. పంధ్రంగుల స్పోర్ట్సు కారును, గుమాస్తాను ఆఫీసునకు చేర్చిన కారును ఒకే వంశములోనివన్నమాట.

ఆ వంశమునకు ఒక వింత లక్షణము కలదు. మోరిస్ 1923లో కొనిన కోవెంట్రీ కార్ఖానా అంతకుముందు హాచ్‌కిస్ అను ఫ్రెంచి కంపెనీది. యంత్రములు ఫ్రెంచివగుటచే బోల్టుల మరలు మిల్లీమీటర్లలో చెక్కబడుచుండెను. కాని ఇంగ్లీషు పనివారి స్పానర్లు ఆ బోల్టుల తలకు పట్టవలెను గదా! కావున తల విట్‌వర్తు అంగుళపు కొలత, ఒడలు మిల్లీమీటరు కొలత. ఇది తెలియని మిస్త్రీ తలను చూచి మోసపోయి, అంగుళపు బోల్టును ఫ్లైవీలులోనికి బలవంతముగా త్రిప్పినచో, ఆ రంధ్రపు మర శాశ్వతముగా చెడును. క్లచ్చు చేయుటకు ముందే కారు చెడుట యన్నమాట.

ఇక క్లచ్చు సంగతి. తిరుగుచున్న సానరాతిపై కత్తిని మెల్లగా మోపినచో జారును. గట్టిగా అదిమినచో రాయి చేతిని లాగివేయును. క్లచ్చునందు జరుగునది ఇదియే. ఇంజను కొసకు ఫ్లైవీలు అను బరువైన చక్రముండును. దాని ముఖమునకు, రెండు వైపుల గరుకు లైనింగు తొడిగిన పలుచని ప్లేటును, వెనుకనుండి పోత ఇనుపదైన ప్రెషరు ప్లేటు స్ప్రింగుల బలముతో అదిమియుంచును. ప్లేటు నడుమనున్న గాడులు గేరుపెట్టె షాఫ్టుపై కూర్చుండును. పెడలును త్రొక్కగానే రిలీజు బేరింగు మూడు మీటలను నొక్కి ప్రెషరు ప్లేటును వెనుకకు లాగును. ఇంజనునకు చక్రములకు సంబంధము తెగును. పెడలు వదలగానే మరల ముడిపడును. టి.సి. కారు ప్లేటు వ్యాసము 7¼ అంగుళములు. టి.డి. ఉత్పత్తి జరుగుచుండగనే దానిని 8 అంగుళములకు పెంచి, అందుకు తగిన ఫ్లైవీలును మార్చిరి. కావున కారు పేరు చెప్పి భాగము చేయించుట తెలివి కాదు. ఇంజను నంబరు చూడవలెను, మూత విప్పి కన్నులార చూడవలెను.

కొంచెము లెక్క చూతము. 7¼ అంగుళముల ప్లేటులో లైనింగు లోపలి వ్యాసము 5 అంగుళములనుకొన్నచో, సగటు వ్యాసార్ధము సుమారు 78 మిల్లీమీటర్లు. స్ప్రింగులన్నియు కలిసి 270 కిలోల బలముతో అదుముచున్నవనియు, ఘర్షణ గుణకము 0.3 అనియు కొందము. ముఖములు రెండు గావున రెండుతో హెచ్చించినచో, ఆ క్లచ్చు 12.6 కిలోగ్రాము-మీటర్ల మెలి బలమును జారకుండ మోయగలదు. ఇంజను ఇచ్చునది హెచ్చులో హెచ్చు 8.8 మాత్రమే. మిగిలినది భద్రతకు. కాని వెనుక సీలు కారి కొంచెము నూనె లైనింగునకు సోకినదనుకొనుడు. గుణకము సగమునకు పడిపోవును, క్లచ్చు 6.3 మాత్రమే మోయగలదు. అప్పుడు ఇంజను అరచును, కారు కదలదు, లైనింగు మాడిన వాసన వచ్చును. పాపము, అనేకులు అప్పుడు కొత్త ప్లేటు కొనుటకు పరుగెత్తుదురు. నూనె కారుచోటు మాత్రము అట్లే యుండును.

తయారీ నిలిచిన భాగమును చేయుటలో అందరును పడు గొయ్యి యొకటి కలదు. చేతిలోనున్న పాత ముక్కను ఉన్నదున్నట్లు నకలు తీయుట! ఏబది డెబ్బది ఏండ్లు అరిగిన ముక్కకు నకలు తీసినచో వచ్చునది కొత్త భాగము కాదు, కొత్త లోహముతో చేసిన అరిగిన భాగము. గతమున ఎవరో సాన పట్టించిన ప్రెషరు ప్లేటు ఒక మిల్లీమీటరు పలుచబడి యుండవచ్చును. క్రుంగిన స్ప్రింగు పొట్టిదై యుండవచ్చును. కావున నకలుకు ముందు విచారణ అవసరము. అరుగని అంచులెక్కడ, రివెట్టు తల క్రింద దాగి మొదటి మందము నిలుపుకొన్న చోటెక్కడ, అదే జాతికి చెందిన రెండవ కారునందు ఆ కొలత యెంత? ఇట్టివి చూచి మూలపు కొలతను నిర్ణయింపవలెను. శిథిలమైన శాసనమును చదువు పండితుడు చేయు పని కూడ ఇదియే గదా.

అన్నిటికంటె మోసకారి స్ప్రింగు. చూచుటకు ఎంత సులభము! తీగ చుట్టిన చాలునని తోచును. కాని చుట్టుస్ప్రింగు గట్టిదనము తీగ వ్యాసపు నాలుగవ ఘాతము ననుసరించి పెరుగును. 4 మిల్లీమీటర్ల తీగకు మారుగా బజారులో దొరకినదని 4.2 మిల్లీమీటర్ల తీగ వాడినచో, తేడా నూటికి అయిదే యని కంటికి కనబడును. బలము మాత్రము నూటికి ఇరువదియొకటి పెరుగును. ఆ క్లచ్చు జారదు, నిజమే. పెడలు మాత్రము రాయియై, నగరపు రద్దీలో నడుపువాని మోకాలు విరుగును, మీటలపై భారము పెరిగి అవి అరుగును. తీగ స్ప్రింగు ఉక్కుదై యుండవలెను. చుట్టిన పిమ్మట వేడిచేసి లోపలి బిగువులు తీయవలెను. పూర్తిగా ఒకసారి మూసియుంచి తెరువవలెను. ఆ తరువాత, అమర్చినపుడుండు పొడవునకు నొక్కి, ప్రతిదాని బలమును తూచి, సమాన బలము కలవానిని ఒక్క జట్టుగా కూర్పవలెను. ఆరు స్ప్రింగులలో ఒకటి దుర్బలమైనను ప్లేటు వంకరగా లేచును.

ప్రెషరు ప్లేటు బూడిదరంగు పోత ఇనుముతో చేయబడును. హవుడా పోత పని వందేండ్లకు పైబడిన విద్య గావున అచ్చు పోయుట అక్కడ కష్టము కాదు. కష్టము తరువాత కలదు. పోతలో బుడగ దాగియున్నచో, నిమిషమునకు 5,000 చుట్లు తిరుగు వేగమున అది పగులవచ్చును. పగిలిన ముక్క కారు నేలను చీల్చుకొని నడుపువాని పాదములను చేరవచ్చును. అందుచేత ఈ భాగమును పరీక్షింపక అమర్చుట ధైర్యము కాదు, దుస్సాహసము. ముఖము చదునుగా సాన పట్టిన తరువాత మూడు మీటల ఎత్తులు ఒకదానితో ఒకటి సరిపోవలెను. వానిలో ఒకటి ముందుగా తగిలినచో, కారు బయలుదేరునపుడు చలిజ్వరము పట్టినవానివలె వణకును.

ప్లేటు విషయమున పాత మిస్త్రీల తెలివి మెచ్చదగినది. నడుమనున్న గాడుల బొడ్డును కొత్తగా చేయుటకు ఖరీదైన పనిముట్టు కావలెను. కావున బొడ్డు బాగున్నచో దానినే నిలిపి, చుట్టునున్న ఉక్కు రేకును లైనింగును మాత్రము మార్చుదురు. బొడ్డు షాఫ్టుపై స్వేచ్ఛగా జారవలెను, ఊగరాదు. ఇది వ్రేళ్లకు తెలియవలసిన సంగతి. కాగితముపై వ్రాసిన కొలత సహాయము మాత్రమే. లైనింగును ఇత్తడి లేక రాగి రివెట్లతో బిగింతురు. రివెట్టు తల లైనింగు ముఖమునకు బాగుగా క్రిందనుండవలెను. లేనిచో లైనింగు కొంత అరుగగానే తల ఫ్లైవీలును గీరును.

లైనింగు అనగానే ఒక భయంకర విషయము చెప్పక తప్పదు. 1897లో ఇంగ్లండులో హెర్బర్టు ఫ్రూడ్ బ్రేకు లైనింగుల తయారీ ప్రారంభించెను. అతని పేరులోని అక్షరములను తారుమారు చేయగా వచ్చినదే ఫెరోడో అను వ్యాపారనామము. ఇరువదవ శతాబ్దమున చాల భాగము ఈ లైనింగులలో ఆస్బెస్టాసు నార వాడబడినది. వేడికి కాలదు, బిగువు తగ్గదు, వెల తక్కువ. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో దశాబ్దముల తరువాత ప్రాణాంతక వ్యాధులు పుట్టునని తెలిసి బ్రిటను 1999లో దానిని పూర్తిగా నిషేధించినది. పాత కారు క్లచ్చు విప్పినచో మూతనిండ నల్లని పొడి కనబడును. దానిని గాలిగొట్టముతో ఊదుట అనేక కార్ఖానాల అలవాటు. ఊదువాడు పదునేడేండ్ల కుర్రవాడై యుండును. మూతికి గుడ్డ కూడ కట్టుకొనడు. కారు యజమానికి ఇది ముచ్చట. ఆ కుర్రవానికి ఇది ఆయుర్దాయము. పొడిని తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి వేయవలెను. పాత లైనింగును సానరాతిపై రాచుట, రివెట్లు తొలచునపుడు పొడి రేపుట కూడదు. కొత్త లైనింగు ఆస్బెస్టాసు లేనిదై యుండవలెను. గాజునార, అరామిడ్ నార, ఇత్తడి తీగ, రెసిను కలిపి నేసినవి దొరకుచున్నవి. మూలములో ఆస్బెస్టాసే యుండెను గావున అదియే కావలెనను శుద్ధతావాదికి ఈ ఒక్క విషయమున చెవియొగ్గ పనిలేదు.

రిలీజు బేరింగు ఈ కార్లలో గుండ్ల బేరింగు కాదు. పోత ఇనుప గిన్నెలో బిగించిన గ్రాఫైటు ఉంగరము ఉక్కు వలయముపై రాచుకొనును. గ్రాఫైటు తనకు తానే నూనె వంటిది. అరిగినచో ఉంగరము మాత్రము మార్చవచ్చును. గిన్నెను వేడిచేయగా అది వ్యాకోచించును. ఉంగరమును అందులో దించినచో, చల్లారునపుడు గిన్నె దానిని బిగియబట్టును. గ్రాఫైటు లాగుటకు ఓర్వదు గాని, నొక్కుటకు చక్కగా ఓర్చును. ఈ పద్ధతి ఆ స్వభావమునకు తగినది. మోటారు బ్రష్షుల కార్బనంతయు నల్లగనే యున్నదని ఏదో ఒకదానిని చెక్కి పెట్టరాదు. మెత్తనిది నెలలో పొడియగును, గట్టిది ఉక్కు వలయమును కోయును. అన్నిటికంటె మంచి రకమును కూడ చంపు అలవాటు ఒకటి కలదు: నడుపునపుడు ఊరక పెడలుపై పాదము మోపియుంచుట. కలకత్తా ట్రాఫిక్కులో అది చేయనివారు ఎందరో!

తుదకు తూనిక సమత. క్లచ్చు అంచున 90 మిల్లీమీటర్ల దూరమున 10 గ్రాములు ఎక్కువైనదనుకొనుడు. 5,000 చుట్ల వేగమున ఆ పది గ్రాములు సుమారు 25 కిలోల బలముతో షాఫ్టును ఒకవైపునకు లాగును, ఆ వైపు క్షణక్షణము మారుచుండును. అందుచేత మూతను ప్రెషరు ప్లేటుతో కలిపి సమతౌల్యము చూచి, బరువున్నచోట కొంచెము తొలచి, ఏ పక్క ఏ పక్కకు అమరవలెనో గుర్తు పెట్టవలెను. గుర్తు అనగా అమరికకు గుర్తే. పాత కంపెనీ ముద్రను కొత్త భాగముపై కొట్టుట మాత్రము తగదు. చేసినవాడు తన గుర్తు వేసికొనవలెను; రేపు అది చెడినచో ఎవరిని అడుగవలెనో తెలియును.

ఇంత శ్రమ ఎందుకు, ఇంగ్లండునుండి తెప్పించుకొనరాదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే; ఎం.జి. వంటి ప్రసిద్ధ కార్లకు అక్కడ పునర్నిర్మిత భాగములు అమ్మువారు కలరు. దొరకినపుడు కొనుటయే ఉచితము. కాని అంత ఆదరణ లేని కార్లు అనేకము కలవు. వానికి భాగములు చేయువారు ఎక్కడను లేరు. ఈ విద్య వానికై నిలువవలెను. రైల్వేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. 1855లో కలకత్తాకు వచ్చిన ఫెయిరీ క్వీన్ ఇంజను 1997లో మరల ప్రయాణికులతో నడచినది. తరువాత 2011లో దాని భాగములు దొంగిలింపబడగా, పెరంబూరు కార్ఖానాలో దానిని బాగుచేసి 2017లో మరల పట్టాలపై నిలిపిరి. ఆ భాగములు ఏ దుకాణమున దొరకును? డార్జిలింగు చిన్నరైలు ఇంజనులకు తీన్‌ధారియా కార్ఖానా చేసినదియు ఇట్టి సేవయే.

పని పూర్తియైన క్లచ్చును అమర్చిన వెంటనే వేగముగా నడుపరాదు. మొదట ఇంజను నిలిపి, ఒకరు పెడలును త్రొక్కి వదలుచుండగా, మరియొకరు తనిఖీ రంధ్రమునుండి మూడు మీటలు సరిగా కదలుచున్నవో లేదో చూడవలెను. పెడలు మొదట కొంత ఊరక దిగి, పిదప బరువు తగులవలెను. ఆ ఖాళీ కదలిక లేనిచో గ్రాఫైటు నిరంతరము రాచుకొనును. తరువాత కొన్ని వందల కిలోమీటర్లు, ఎత్తులు లేని దారులలో, బరువు లేకుండ, మెల్లగా నడిపినచో లైనింగు ముఖము ఫ్లైవీలు ముఖమునకు ఒదుగును. అటుపిమ్మట మూత బోల్టులను మరియొకసారి, మిల్లీమీటరు మరయని గుర్తుంచుకొని, విట్‌వర్తు స్పానరుతో బిగింపవలెను.